శాతం గుర్తు వెనక

ట్రోన్‌హైమ్
మే 29, 2018

మాగ్నిల్డ్ గారికి,

చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నారు. బాతులు గూళ్ళు పెట్టే కాలం కాబట్టి మీరు లంక వదిలి అంత్యక్రియలకు రాలేకపోయారు. అందుకు క్షమాపణ అవసరం లేదు. ఇంగున్ ఉంటే తనే మిమ్మల్ని రానిచ్చేది కాదు.

మే 14, సోమవారం. ఎనిమిదింటికి నర్సు వచ్చి సూది మందు ఇచ్చి వెళ్ళింది. ఇంగున్ రెండు చెంచాల పెరుగు తింది. ఎండ బాగా ఉంది, కిటికీ తెరవమంది. ఎదురింటివాళ్ళు పదిహేడో తేదీ జాతీయ పండుగకని జెండా కర్రకు రంగు వేస్తున్నారు. ఆ వాసన పడక మళ్ళీ మూయమంది. మీ లంకలో గాలి ఎటు వీస్తోందో అంది.

తర్వాత వ్యాసం అడిగింది. దాన్ని ఆ సాయంత్రం అయిదులోగా పత్రికకు పంపాలి. రాయాల్సిందంతా ఇంగున్ మార్చిలోనే పూర్తి చేసింది. మీరు పందొమ్మిదేళ్ళుగా లెక్కపెట్టిన గూళ్ళ పట్టిక ఒక్కటే మిగిలింది. ఆ పత్రికలో పుటకు రెండు కాలమ్‌లు. పట్టిక ఒక కాలమ్‌లో పట్టక, కుడి అంచు దాటి పక్క కాలమ్ అక్షరాల మీద పడుతోంది. వ్యాసాన్ని అచ్చుకు కూర్చే ఆ పద్ధతిని లేటెక్ అంటారు. పాతికేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, పరీక్ష పేపర్లన్నీ అందులోనే కూర్చాను. అందుకని ఆ పని నేనే తీసుకున్నాను.

ఇంగున్ రెండు నుంచి నాలుగు దాకా నిద్రపోయింది. లేచి "పట్టిందా?" అంది.

"పట్టింది" అన్నాను.

"మాగ్నీ ఉందా అందులో?"

"ఉంది."

కళ్ళు మూసుకుంది. కాసేపటికి "మాగ్నీని అడగాలి" అంది. మిమ్మల్ని అడిగానని చెప్పమంటోందనుకున్నాను. "అడిగావని రాస్తాలే" అన్నాను.

అయిదుకు పది నిమిషాల ముందు వ్యాసం పంపాను. ఆరున్నరకు ఊపిరి ఆగింది. నేను పక్కనే ఉన్నాను.

ఇంగున్ మిమ్మల్ని అడిగింది.

హల్వర్


స్కార్‌హోల్మెన్
జూన్ 20

హల్వర్‌కి,

గారూ గీరూ ఏమిటయ్యా? మీ పెళ్ళిలో నీ బూటు మీద కాఫీ ఒలకబోసిన మాగ్నీనే నేను. మళ్ళీ గారు అన్నావంటే ఈసారి వేడిది పోస్తాను.

నీ ఉత్తరం రేవులోనే నిలబడి చదివాను. ఇంటిదాకా ఆగలేకపోయాను. రెండు చెంచాల పెరుగు, జెండా కర్ర, రంగు వాసన. అవన్నీ రాసినందుకు బతికిపోయాను. "ప్రశాంతంగా వెళ్ళిపోయింది" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటావేమోనని భయపడ్డాను.

ఈ ఏడు మూడు వందల పన్నెండు గూళ్ళు. లెక్క అయిపోగానే అలవాటు కొద్దీ కార్డు తీసి "ఇంగున్‌కి" అని రాసేశాను. కొట్టేయడానికి చెయ్యి రాలేదు. ఆ కార్డు అలాగే పక్కన పెట్టి ఈ కాగితం తీశాను.

ఆడబాతులు పిల్లల్ని వెంటేసుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయాయి. గూళ్ళలో వదిలిన మెత్తటి ఈకల నూగు ఏరి ఆరబెడుతున్నాను. ఈ కవర్లో ఒక గుప్పెడు పెట్టాను. ఇంగున్ దిండు కింద పెట్టు అని రాయబోయాను. నీకెక్కడ తోస్తే అక్కడ పెట్టు.

పత్రిక రాగానే ఒక ప్రతి పంపు. నా పేరు అచ్చులో ఎప్పుడూ పడలేదు. మా అమ్మ చనిపోయినప్పుడు పేపర్లో వేశారు గానీ అందులో కూడా మాగ్నిల్డ్‌కి బదులు మాటిల్డ్ అని పడింది. కొట్టు నడిపే రాగ్నా రోజూ ఒకటే వేళాకోళం: "అచ్చెక్కాక మాతో మాట్లాడతావా, అపాయింట్‌మెంట్ తీసుకోవాలా?" ఆ పుట కోసి కొట్టు గోడకు అతికిస్తుందట. వద్దంటున్నాను. వద్దనడం కూడా బాగానే ఉంది.

ఒక మాట. పట్టికలో అన్ని ఏళ్ళకూ నా పొడి అక్షరాలే పడ్డాయా? 2011, 2012కి కూడానా? ఊరికే అడుగుతున్నాను.

మాగ్నీ


ట్రోన్‌హైమ్
ఆగస్టు 24

మాగ్నిల్డ్ గారికి,

జవాబు ఆలస్యమైంది. మన్నించండి.

నూగు అందింది. బల్ల సొరుగులో పెట్టాను.

పత్రిక ఇంకా రాలేదు. వేసవి సెలవుల వల్ల ఆలస్యం కావచ్చు.

అడిగారు కాబట్టి రాస్తున్నాను: పందొమ్మిదేళ్ళకూ ఎం.ఎస్. అనే ఉంది. ఇంగున్ ఒక్కటీ వదలలేదు.

ఆమె పుస్తకాలు సర్దుతున్నాను. మీ నోటుపుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి ఉంచాను. తిరిగి పంపమంటే పంపుతాను.

హల్వర్


స్కార్‌హోల్మెన్
సెప్టెంబరు 19

హల్వర్‌కి,

జులై సంచిక. జులైదయ్యా. ఆలస్యమూ లేదు, సెలవులూ లేవు.

రాగ్నా కూతురు మీ ఊళ్ళోనే చదువుతోంది. గ్రంథాలయంలో కనబడితే ఆ పత్రిక పట్టుకుని శనివారం పడవకు వచ్చింది. నాకు చెప్పకుండా రాగ్నా కొట్టులో అందరినీ పోగేసింది. వాఫిల్స్ వేసింది. పదకొండు మందిమి చేరాం. లంకలో ఉన్నదే పద్నాలుగు మంది.

ఆ పిల్ల పట్టిక తెరిచి వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. ఏళ్ళున్నాయి. బాతులు గూళ్ళు పెట్టే నాలుగు తిప్పల పేర్లున్నాయి. అంకెలున్నాయి.

"నీ పేరేదీ మాగ్నీ?" అంది రాగ్నా.

"కింద సన్నక్షరాల్లో ఉంటుంది. సరిగ్గా చూడండే."

"కింద అసలేమీ లేదు."

ముసలి తుర్లైఫ్ తన కళ్ళజోడు తీసిచ్చాడు. అదీ పెట్టుకుని చూశారు. పత్రికను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూశారు. చివరికి తుర్లైఫే, "బాతుల పేర్లు కూడా వెయ్యలేదులే, ఏం బాధపడకు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా వాఫిల్ పళ్ళెంలోనే వదిలేశాను.

మూడు రోజులు ఆలోచించాను. నువ్వేమో "ఉంది" అని రాశావు, ఒకసారి కాదు, రెండుసార్లు. లెక్కల మాస్టరువి, ఉన్నదానికీ లేనిదానికీ తేడా తెలియనివాడివి కాదు. అంటే ఇంగునే నీకు కూడా చెప్పకుండా నన్ను తీసేసింది. ఎందుకు తీసిందో నాకు తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు రాస్తున్నాను.

2011 జనవరిలో మంచు మీద జారి పడి తుంటి విరిగింది. ఆ వసంతమూ, పై వసంతమూ పడవెక్కలేకపోయాను. మా తమ్ముడు ఓడ్వర్ వెళ్ళి లెక్కపెట్టాడు. వాడి లెక్కలో తప్పు లేదు, నాకంటే ఓపికైనవాడు. నోటుపుస్తకం కూడా వాడే నింపాడు. అడుగున ఎం.ఎస్. అని పెట్టింది మాత్రం నేను. ఇంగున్ ఎప్పుడూ అనేది: "ఇన్నేళ్ళూ ఒకే మనిషి, ఒకే కన్ను. ఇలాంటి లెక్క ఈ తీరంలో ఇంకెక్కడా లేదు మాగ్నీ." ఆ మాట పోతుందని భయమేసింది. ఓడ్వర్ నవ్వి, "పెట్టుకో అక్కా, నా పేరుతో బాతులకేం పని" అన్నాడు. వాడు పోయి నాలుగేళ్ళయింది.

ఇంగున్‌కి ఎలాగో తెలిసిపోయింది. ఒక్క మాటైనా అనకుండా కొట్టేసి వెళ్ళిపోయింది. రెండేళ్ళు కొట్టేసి ఉంటే తలొంచుకునేదాన్ని. పందొమ్మిదీ కొట్టేసిందంటే, మిగతా పదిహేడూ అబద్ధమే అనుకుని పోయిందన్నమాట.

నీకేమైనా తెలిస్తే చెప్పు. తెలియకపోతే ఊరుకో. ఓదార్పు మాటలు మాత్రం రాయకు.

మాగ్నీ


ట్రోన్‌హైమ్
సెప్టెంబరు 25

మాగ్నిల్డ్ గారికి,

గారు వద్దన్నారు. ఈ ఒక్క ఉత్తరానికి ఉండనివ్వండి.

ఇంగున్ మిమ్మల్ని తీయలేదు. నేను తీశాను.

ఆమెకు తెలియదు. "ఉందా?" అని అడిగితే ఉందన్నాను. పత్రిక జులై 9న ఇంటికి వచ్చింది. ఆగస్టులో మీకు రాలేదని రాశాను.

ఏం చేశానో వరసగా రాస్తాను. పట్టికలో ఆరు నిలువు వరసలు: ఏడాది, నాలుగు తిప్పలు, చివర మీ పొడి అక్షరాలు. కాలమ్ వెడల్పు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మీ అక్షరాలున్న వరస అంచు దాటి బయటికి పోయింది. వరసల మధ్య ఖాళీ తగ్గించాను, చాలలేదు. అక్షరం చిన్నది చేయడానికి పత్రిక నియమం ఒప్పుకోదు. పట్టికను రెండు కాలమ్‌ల మీదుగా పరిచే మార్గం ఒకటుంది. దాని పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టాలి. పెట్టాను. పట్టిక వ్యాసం ఆఖరికి, ఆధార గ్రంథాల జాబితా తర్వాతకి వెళ్ళి పడింది. మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ అక్కడికే పోయింది.

లేటెక్‌లో శాతం గుర్తుకు ఒక పని ఉంది. ఒక వరసలో ఎక్కడైనా అది పెడితే, దాని వెనక ఉన్నదేదీ అచ్చులో పడదు. ఫైల్లో మాత్రం అలాగే ఉంటుంది. కూర్చేవాళ్ళు తమకోసం ఏదైనా రాసుకోవాలంటే దాని వెనక రాసుకుంటారు. నేను ప్రతి ఏడాది వరసనూ మీ అక్షరాలకు ముందే ముగించి, ఆ అక్షరాల ముందు శాతం గుర్తు పెట్టాను. అవి పందొమ్మిది. శీర్షికలో "లెక్కించినవారు" అన్న మాట ముందు ఒకటి. పట్టిక అడుగున మీ పూర్తి పేరున్న వాక్యం ముందు ఒకటి. మొత్తం ఇరవై ఒకటి. పట్టిక సరిగ్గా పట్టింది. ఇంగున్ అడిగినప్పుడు, ఫైల్లో ఉంది కదా అనుకుని జవాబు చెప్పాను.

నిన్న ఫైలు మళ్ళీ తెరిచాను. నక్షత్రం గుర్తు పెట్టి, పట్టికను ఫైల్లో నాలుగు పేరాలు ముందుకు జరిపాను. ఉండాల్సిన పుట పైభాగంలో కుదురుగా కూర్చుంది. రెండు కాలమ్‌ల పట్టికను అది పడాల్సిన పుటకంటే ముందే ఫైల్లో రాసుకోవాలి. ఇది పిల్లలకు కూడా నేర్పిన సంగతి. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ రోజు ఇంగున్ రెండు గంటలు నిద్రపోయింది.

ఆ రోజు ఈ మార్గం తట్టలేదని నాలుగు నెలలుగా నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. పొద్దుటి నుంచి ఆమె మీ పేరు మూడుసార్లు ఎత్తింది. గాలి గురించి ఒకసారి అన్నదని రాశాను, తక్కిన రెండూ రాయలేదు. నా పేరు ఒక్కసారీ ఎత్తలేదు. పట్టికలో మీరు పందొమ్మిది సార్లున్నారు. మొదటి గుర్తు తొందరలో పెట్టాను. అయిదోదో ఆరోదో పెట్టేటప్పటికి అది తొందర కాదు. ఒక్కో గుర్తు పెట్టగానే అచ్చు చూసుకున్నాను, మీ అక్షరాలు ఒక్కొక్కటీ పోవడం చూశాను. ఇంతకంటే రాయలేను.

ఇంకొకటుంది. అది మీకు చేరాలి.

2011 వరస కింద ఇంగున్ తనకోసం రాసుకున్న మాటలు ఫైల్లో ఉన్నాయి. శాతం గుర్తు వెనకే. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "2011, 2012: ఏడు అంకెకు నడుమ అడ్డగీత. మాగ్నీ ఏడుకు గీత పెట్టదు. ఓడ్వర్ రాత కావచ్చు. లెక్కలు సరిపోతున్నాయి. మాగ్నీని అడగాలి. ఉత్తరంలో వద్దు. మేలో లంకకు వెళ్ళినప్పుడు, కాఫీ దగ్గర."

మార్చి 3న రాసింది. నేను మే 14న గుర్తులు పెడుతూ ఈ వరసలు దాటుకుని వెళ్ళాను. శాతం గుర్తున్న వరసను చదవకుండా దాటేయడం నా కంటికి పాత అలవాటు.

ఆమె చివరిమాట "మాగ్నీని అడగాలి." నేను "అడిగావని రాస్తాలే" అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. మొదటి ఉత్తరంలో అది రాయలేదు. అలసట వల్ల అనుకున్నాను. మళ్ళీ అడగలేదు.

ఆమెకు అనుమానం వచ్చింది రెండేళ్ళ మీదే. అయినా తక్కిన ఏళ్ళ పక్కన మీరు ఉన్నారా లేదా అని చివరిరోజు కూడా అడిగింది. మీరు అనుకున్నది ఆమె అనుకోలేదు.

డిసెంబరు సంచికలో సవరణ వేస్తామని పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. అక్టోబరు 15లోగా పంపాలి. ఆ రెండేళ్ళ పక్కన ఏం వేయాలో మీరు చెప్పాలి. అసలు సవరణే వద్దంటే పంపను. ఇది ఈసారి నేను తేల్చే విషయం కాదు.

హల్వర్


స్కార్‌హోల్మెన్
అక్టోబరు 8

హల్వర్,

మొదట నిన్ను తిట్టుకుంటూ నాలుగు పుటలు రాశాను. పొయ్యిలో వేశాను. చలి మొదలైంది కాబట్టి ఆ మాత్రం పనికొచ్చాయి.

ఏడుకు అడ్డగీత! "గీత పెట్టకురా, నాది నీది తేడా తెలిసిపోతుంది" అని వాడి పక్కన నిలబడి మరీ చెప్పాను. "ఏడంటే అలాగే ఉంటుందక్కా, లేకపోతే ఒకటిలా కనబడుతుంది" అన్నాడు. చచ్చినా మాట వినని మనిషి. ఇంగున్ చూపు మాత్రం ఎక్కడ పడిందో చూడు.

కాఫీ దగ్గర అడిగి ఉంటే చెప్పేసేదాన్నని రాద్దామనుకున్నాను. చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు. కాఫీ చల్లారిందని లేచిపోయేదాన్నేమో. ఏడేళ్ళు లేచిపోతూనే ఉన్నాను కదా.

నీ మీద కోపం పోలేదు. కొట్టులో తుర్లైఫ్ కళ్ళజోడు చేతులు మారుతుంటే నేను కూర్చున్న కుర్చీ నాకింకా గుర్తుంది. అది ఇప్పట్లో పోదు, పోయిందని నీకోసం అబద్ధం చెప్పను. నువ్వు నాకు చెప్పిన అబద్ధాలు చాలు మనిద్దరికీ.

కానీ ఒకటి విను. నన్ను మూడుసార్లు అడిగి నిన్ను ఒక్కసారీ అడగలేదని ఉక్రోషపడ్డావా? నేను ఆరు గంటల పడవ దూరంలో ఉన్నాను, అందుకని అడిగింది. నువ్వు మంచం పక్కనే ఉన్నావు. పక్కనే ఉన్న మనిషి ఎక్కడని ఎవరైనా అడుగుతారటయ్యా?

సవరణ పంపు. పదిహేడేళ్ళ పక్కన నన్ను వెయ్యి. ఆ రెండేళ్ళకు ఓ.ఎస్. అని వెయ్యి. అడుగున వాడి పూర్తి పేరు కూడా, ఓడ్వర్ స్టోర్‌విక్. స్పెల్లింగ్ చూసుకో, మా అమ్మ పోయినప్పుడు పేపర్లో నా పేరుకు చేసినట్టు చెయ్యకు. డిసెంబరులో అది వచ్చాక కొట్టులో నేనే పైకి చదువుతాను. వాఫిల్స్ కూడా నేనే వేస్తాను. నవ్వేవాళ్ళు నవ్వుతారు. "ఒకే కన్ను" అన్న మాట పోతుంది. పోనీ.

ఎవరు తీశారో కూడా అందులో వెయ్యి. అది ఇంగున్ మీద పడకూడదు.

మేలో రా. ఆ కాఫీ బాకీ ఉంది.

మాగ్నీ


ట్రోన్‌హైమ్
అక్టోబరు 14, ఆదివారం

మాగ్నీ,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. సవరణకు రాసిన మాటలు ఇవి:

"పట్టిక 2లో గూళ్ళు లెక్కించినవారి పేర్లను పుటలు కూర్చేటప్పుడు రచయిత్రి భర్త హల్వర్ నెస్ తొలగించాడు. ఇది రచయిత్రికి తెలియదు. పూర్తి పట్టిక ఇక్కడ ఇస్తున్నాం. 2011, 2012 సంవత్సరాల్లో లెక్కించినది ఓడ్వర్ స్టోర్‌విక్. తక్కిన పదిహేడేళ్ళూ మాగ్నిల్డ్ స్టోర్‌విక్."

సంపాదకురాలు ఫోన్ చేసింది. "పేరెందుకండీ, సాంకేతిక కారణాల వల్ల అని వేద్దాం, అందరం అలాగే వేస్తాం" అంది. మంచి మనసుతోనే అంది. సాంకేతిక కారణం ఏమీ లేదని చెప్పాను. "సరే, మీరు పంపినట్టే వేస్తాను" అంది.

పక్కనే ఉన్న మనిషి గురించి నువ్వు రాసింది చదివాను. ఇప్పుడే దాన్ని నమ్మితే నాకు చాలా తేలికైపోతుంది. అందుకని నమ్మడం లేదు. ఉత్తరం మాత్రం సొరుగులో నూగు పక్కన పెట్టాను.

పని ఈ రోజే ముగించవచ్చు. ముగించను. ఆ రోజు గడియారం చూస్తూ చేశాను.

మేలో వస్తాను.

రేపు ఉదయం ఏడింటికి నీ నోటుపుస్తకాలు పందొమ్మిదీ బల్ల మీద పెట్టుకుంటాను. ఒక్కో ఏడాదీ పుస్తకంతో సరిచూసి, ఆ వరసలోని శాతం గుర్తు తీస్తాను. రెండు చోట్ల ఎం. తీసి ఓ. పెడతాను. ఇరవై ఒక్క గుర్తులూ పోయాక అచ్చు తీసి, ప్రతి పేరూ కాగితం మీద వేలు పెట్టి చూసి, అప్పుడు పంపుతాను. ఇంగున్ రాసుకున్న మాటల ముందున్న గుర్తు మాత్రం అలాగే ఉంచుతాను.

హల్వర్